నిద్రపోయే గడ్డ

పిల్లలూ! ఇంట్లో ఒక మొక్క వాడిపోతే పెద్దవాళ్ళు మొట్టమొదట ఏమడుగుతారు? "నీళ్ళు పోశావా?" అని అడుగుతారు. మీరు తల వంచుకుంటారు. మరునాటి నుంచీ మిగిలిన మొక్కలన్నిటికీ చెంబులు చెంబులు గుమ్మరిస్తారు. ఉపాధ్యాయుడుగా ఉన్నన్నాళ్ళూ నేను కూడా ఆ ప్రశ్నే అడిగేవాణ్ణి. కాని నేను ఒక మొక్కను నీళ్ళు పోయక కాదు, పోసి చంపాను. పైగా అది నా మొక్క కాదు. ఆ సంగతి చెబుతాను, వినండి.

1996లో నేను అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూలుకు హెడ్మాస్టరుగా వెళ్ళాను. అది మెట్ట ప్రాంతం. ఏడాది మొత్తం మీద 55 సెంటీమీటర్ల వాన పడితే అక్కడివారు మంచి ఏడనుకుంటారు. స్కూలు ఆవరణలో రెండు వేపచెట్లు తప్ప పచ్చదనం అన్నది లేదు. వెళ్ళీ వెళ్ళగానే నేను ఒక ఏర్పాటు చేశాను. ప్రతి తరగతివారూ వరండాలో ఆరేసి కుండీలు పెంచాలి. జనవరి 26 నాటికి ఎవరి కుండీలు అన్నిటికంటె పచ్చగా ఉంటే ఆ తరగతికి బహుమానం.

మరునాడు ఏడవ తరగతి పిల్లవాడొకడు పాత నూనెడబ్బాలో ఒక మొక్కను తెచ్చాడు. మొక్క అంటే ఆకులు కూడా లేవు. మట్టిలోనుంచి బొటనవేలంత కాడ ఒకటి లేచింది, అంతే. వారం తిరిగేసరికి ఆ కాడ చివర ఎర్రటి బంతి విచ్చుకున్నది! దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఒక పువ్వు కాదు, వంద దాకా చిన్న చిన్న పూలు గుండ్రంగా కూర్చున్న గుత్తి. దానిని మే పూవు అంటారు, ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు స్కాడాక్సస్. ఆ ఏడు వాన ఆలస్యమయింది గనక మే పూవు జూన్‌లో పూసింది. బడి అంతా వచ్చి చూసిపోయింది.

"మా అవ్వ పుట్టింటినుంచి తెచ్చుకున్నది సార్. ఒక్క గడ్డే ఉంది. బడికని అడిగితే ఇచ్చింది," అన్నాడు పిల్లవాడు.

పూవు వాడిన తరువాత వెడల్పాటి ఆకులు వచ్చాయి. వానకాలమంతా డబ్బా పచ్చగా కళకళలాడింది. కార్తీకమాసం వచ్చేసరికి ఆ ఆకులు పసుపు పచ్చగా మారి వాలిపోసాగాయి. ఒకనాడు నేను వరండాలో తిరుగుతూ చూసి, "ఏమిరా, నీళ్ళు పోయడం లేదా?" అని అడిగాను.

"లేదు సార్. మా అవ్వ వద్దనింది. గడ్డ నిద్రపోతుందంట. ఉగాది దాటి వానొచ్చేదాకా లేపకూడదంట."

నాకు నవ్వు వచ్చింది. "మొక్క నిద్రపోవడమేమిటిరా? నీ సోమరితనానికి అవ్వను సాక్ష్యం తెచ్చుకుంటున్నావా?" అన్నాను. తరగతి అంతా ఘొల్లుమన్నది. ఆ డబ్బాలో రోజూ ఉదయం ఒక చెంబూ, సాయంత్రం ఒక చెంబూ నీళ్ళు పోసే పని తరగతి లీడరుకు అప్పగించాను. పిల్లవాడు మారు మాట్లాడలేదు.

జనవరి వచ్చింది. డబ్బాలో ఆకు అన్నది మిగలలేదు, ఒట్టి బురద ఉన్నది. బహుమానం రోజున అది వరండాలో ఉంటే బాగుండదని, గోడ వెనుక కుమ్మరించమన్నాను. గడ్డ బయటపడింది. పెద్ద ఎర్రగడ్డంత గడ్డ మెత్తగా, గోధుమరంగుగా, ముట్టుకుంటే చితికిపోయేటట్టు ఉన్నది. కుళ్ళు వాసన గుప్పుమన్నది. అందరూ ముక్కులు మూసుకున్నారు. ఆ పిల్లవాడు మాత్రం గొంతుక్కూర్చుని ఆ బురదలో వేళ్ళు పెట్టి వెతకసాగాడు. చివరకు వెల్లుల్లి రెబ్బంత పిల్లగడ్డ ఒకటి గట్టిగా, తెల్లగా దొరికింది. దానిని చొక్కాకు తుడుచుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు బహుమానం ఆ తరగతికే వచ్చింది కూడాను.

ఆ కుళ్ళు వాసన నన్ను ఇంటిదాకా వెంటాడింది. నేను ట్రైనింగు పొందిన ఉపాధ్యాయుణ్ణి. లశునం, కందం, దుంపకాండం అని బోర్డు మీద బొమ్మలు వేసి ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళి ఒక ఎర్రగడ్డను తీసుకుని నిలువుగా రెండు చెక్కలుగా కోశాను. మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్ళచేత కోయించి చూడండి. అడుగున బిళ్ళలాంటి గట్టి భాగం కనిపిస్తుంది. అదే దాని కాండం. దాని కిందనుంచి వేళ్ళు పుడతాయి. పైన పొరలు పొరలుగా ఉండేవి ఆకుల అడుగు భాగాలు. మొక్క వానకాలంలో వండుకున్న ఆహారాన్నంతా తెచ్చి వాటిలో దాచుకుంటుంది. నట్టనడుమ లేత పచ్చని మొగ్గ ఉంటుంది. రాబోయే ఏటి మొక్క అదే! చెట్టంత సంసారాన్ని మూటగట్టుకుని లోపల పడుకుని ఉన్నదన్నమాట.

ఎర్రగడ్డలను మన ఇళ్ళలో బుట్టలో పోసి గాలి తగిలేచోట పెడతారు. ఎవరైనా వాటి మీద నీళ్ళు చల్లుతారా? చల్లితే రెండు రోజుల్లో కుళ్ళిపోతాయని ఆ ఇంటి చంటిదానికి కూడా తెలుసు. నీళ్ళూ లేకుండా, మట్టీ లేకుండా అవి నెలల తరబడి ఉండి, అదను వచ్చినప్పుడు బుట్టలోనే మొలక వేస్తాయి. రోజూ కూరలో వేసుకుని తింటూ కూడా నేను ఈ సంగతి గమనించలేదు. ఆ అవ్వ గమనించింది.

నీళ్ళు ఎక్కువైతే గడ్డ ఎందుకు కుళ్ళుతుంది? వేళ్ళు నీళ్ళు తాగడమే కాదు, గాలి కూడా పీల్చుకుంటాయి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లో గాలి ఉంటుంది. మనం నీళ్ళు పోయగానే ఆ సందులు నీటితో నిండుతాయి. మామూలుగా అయితే ఆకులు నీటిని పైకి లాగి ఆవిరిగా వదులుతాయి. కొంత నీరు తూముగుండా పోతుంది. సందుల్లోకి మళ్ళీ గాలి వస్తుంది. కాని ఆకులు రాలి మొక్క పడుకున్నప్పుడు నీరు తాగేవారెవరు? అది అలాగే నిలిచిపోతుంది. వేళ్ళకు ఊపిరాడదు. అవి చచ్చి, బూజూ సూక్ష్మజీవులూ చేరి గడ్డను తినేస్తాయి. మే పూవు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండం. అక్కడ వానకాలంలో పెరిగి, వానలు లేని నెలల్లో నేలలో పడుకోవడం దానికి తరతరాలుగా వచ్చిన అలవాటు. మన ఊరు వచ్చినా అది ఆ అలవాటు మానలేదు.

నాకు ఇంత తెలిసింది. తెల్లవారి ఆ పిల్లవాణ్ణి పిలిచి, "తప్పు నాదిరా," అనవలసినది. అనలేదు. హెడ్మాస్టరు తప్పు ఒప్పుకుంటే మర్యాద తగ్గుతుందనుకున్నాను. అతను మళ్ళీ బడికి ఏ మొక్కా తేలేదు.

కాని నా ఏర్పాటును మార్చుకున్నాను. వానలేని ఊళ్ళో నీళ్ళు తాగే మొక్కలను పెంచి పచ్చదనానికి పోటీలు పెట్టడమెందుకు? ఆ ఊరి చుట్టూ ఉన్న మొక్కలనే తెచ్చి పెంచుదామన్నాను. పిల్లలు కంచెమీదినుంచి నల్లేరు తెచ్చారు. నల్లేరు మీద బండి నడక అని మనం సామెత చెప్పుకుంటామే, ఆ నల్లేరే. దాని కాడ నాలుగు పలకలుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. ఒక కణుపును తుంచి నా బల్లమీద పెడితే వారాల తరబడి పచ్చగానే ఉన్నది. గుట్ట మీది రాళ్ళ సందుల్లోనుంచి కుందేటి కొమ్ములు తెచ్చారు. పెరటి గోడల పక్కనుంచి కలబందా, రణపాలా వచ్చాయి. వీటన్నిటికీ ఒకటే విద్య తెలుసు. వాన పడినప్పుడు నీటిని ఆకుల్లోనో, కాడల్లోనో నింపుకుని, లేనప్పుడు పొదుపుగా వాడుకుంటాయి. కలబంద మట్టను కోస్తే లోపల జిగురుగా ఉండేది ఆ నిలువ నీరే.

ఈ పొదుపరుల రహస్యం ఇంకొకటి ఉన్నది. మొక్కలు ఆహారం తయారు చేసుకోవడానికి బొగ్గుపులుసు వాయువు కావాలి. మీ పాఠ్యపుస్తకాలలో కార్బన్ డయాక్సైడ్ అని ఉంటుంది, అదే ఇది. దానికోసం ఆకులు తమ సన్నని రంధ్రాలను పగలు తెరుస్తాయి. తెరిచిన తలుపుగుండా లోపలి నీరు ఆవిరై పోతుంది. మనం వేసవిలో ఏం చేస్తాం? మిట్టమధ్యాహ్నం తలుపులు మూసుకుని, చల్లబడ్డాక తెరుస్తాం. రణపాల కూడా అంతే! పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటుంది. రాత్రి ఎండ ఉండదు గనక ఆహారం తయారు కాదు. అందుచేత ఆ బొగ్గుపులుసు వాయువును ఒక ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటుంది. ఆపిల్ పండులోని పులుపు కూడా ఆ ఆమ్లమే. తెల్లవారి ఎండ రాగానే తలుపులు మూసుకుని, దాచుకున్నదానితో లోపలే వంట చేసుకుంటుంది. కనుక రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి పులుపు తగ్గిపోతుంది.

ఈ వింతను మొదట గమనించి రాసినవాడికి మన తెలుగుదేశంతో సంబంధం ఉన్నది. బెంజమిన్ హెయిన్ అనే జర్మనీ దేశస్థుడు 1793లో కాకినాడ దగ్గర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటలో వృక్షశాస్త్రజ్ఞుడుగా చేరాడు. రణపాల ఆకు ఉదయం పుల్లగానూ, మధ్యాహ్నం చప్పగానూ ఉంటుందని ఆయన రాసిన ఉత్తరాన్ని లండన్‌లోని లిన్నేయస్ పేరుగల శాస్త్రసంఘం 1815లో అచ్చువేసింది. దాని కారణం పూర్తిగా తెలియడానికి శాస్త్రజ్ఞులకు మరి నూరేళ్ళకు పైగా పట్టింది.

హెయిన్ నమిలి చూశాడని మీరు నమలవద్దు. రణపాలలో పశువులకు హాని చేసే పదార్థాలున్నాయి. మేము చేసినట్టు చెయ్యండి. ఉదయం ఆరు గంటలకు ఒక ఆకూ, సాయంత్రం ఆరు గంటలకు ఒక ఆకూ తుంచి నలిపి, ఆ రసాన్ని స్కూల్లో సైన్సు మాస్టారి దగ్గర దొరికే పి.హెచ్. కాగితం మీద అద్దండి. రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. నాలుక అక్కరలేకుండానే పులుపు కంటికి కనిపిస్తుంది.

సరే, ఇటువంటి మొక్కలను మీరు ఎలా పెంచాలి? ఇప్పుడు నర్సరీలలో గులాబీరేకుల్లా ఆకులు పేర్చుకున్న ఎచెవేరియా, లావాటి బోదె ఉండే ఎడారి గులాబీ అమ్ముతున్నారు. వాటికైనా, కంచెమీది నల్లేరుకైనా పద్ధతి ఒకటే.

మొదటిది కుండీ. మట్టి కుండీ మంచిది. దాని గోడలగుండా కూడా తేమ ఆరిపోతుంది. అడుగున తూము తప్పక ఉండాలి. తూముమీద ఒక పెంకుముక్క బోర్లించండి.

రెండవది మట్టి. తోటమట్టి ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, చిన్న ఇటుకముక్కలూ బాగా చివికిన ఎరువూ కలిపి ఒక పాలు. ఒట్టి బంకమట్టి పనికిరాదు.

మూడవది నీరు. గడియారం చూసి కాదు, మట్టి చూసి పోయాలి. ఒక పుల్లను కుండీలో లోతుగా గుచ్చి తీయండి. దానికి తడిమట్టి అంటుకుంటే ఆ రోజు పోయవద్దు. పొడిగా వస్తే తూములోనుంచి కారేదాకా పోసి, మళ్ళీ పొడి అయ్యేదాకా దాని జోలికి వెళ్ళకండి. ముసురు పట్టినప్పుడు కుండీలను చూరు కిందికి జరపండి.

నాలుగవది వెలుతురు. వీటికి ఎండ కావాలి. కాని నీడలో ఉన్నదానిని ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే ఆకులు కాలిపోతాయి. ఉదయపు ఎండతో మొదలుపెట్టి రోజు రోజుకూ అలవాటు చెయ్యండి.

అయిదవది ముక్క నాటడం. కలబంద పిలకనుగాని, నల్లేరు ముక్కనుగాని తుంచగానే నాటకండి. నాలుగైదు రోజులు నీడలో ఉంచి, గాయం ఆరనిచ్చి అప్పుడు నాటండి. రణపాలకు ఆ శ్రమ కూడా లేదు. ఒక ఆకును తడి ఇసుకమీద పడుకోబెడితే, అంచు నొక్కుల్లోనుంచి పిల్లమొక్కలు వరుసగా లేస్తాయి.

ఆరవది గడ్డలు. మే పూవు గడ్డను మెడ కొద్దిగా పైకి కనిపించేటట్టు నాటాలి. వాన పడిన నాలుగైదు రోజులకు పూసే వాన లిల్లీలకైతే చిన్న గడ్డలు. వాటిని రెండంగుళాల లోతున గుంపుగా నాటండి. మే పూవు ఆకులు పసుపు పచ్చనైతే కోసెయ్యకండి. వాటిలో మిగిలిన ఆహారం గడ్డలోకి దిగుతూ ఉంటుంది. అవి వాటంతట అవే ఎండిన తరువాత నీళ్ళు ఆపి, కుండీని వాన తగలని చోట పెట్టండి. ఎడారి గులాబీ చలికాలంలో ఆకు రాల్చినా కంగారు పడవద్దు. దానికి కూడా నీళ్ళు తగ్గించాలి.

తలిదండ్రులకు ఒక మాట. లిల్లీ జాతి గడ్డలు చూడడానికి ఎర్రగడ్డల్లాగే ఉంటాయి, కాని విషం. తింటే వాంతులవుతాయి. వాటిని వంటింటి ఛాయలకు రానివ్వకండి. జెముళ్ళ పాలు కంట్లో పడితే ప్రమాదం. ఎడారి గులాబీ పాలు కూడా విషమే. పిల్లలు పని ముగించి చేతులు సబ్బుతో కడుక్కునేదాకా దగ్గర ఉండండి.

ఇక నా కథ మిగిలింది. 1999 జూన్‌లో బడి తెరిచిన వారానికి నేను ఆఫీసుగదిలోకి వెళ్ళేసరికి బల్లమీద ఒక పాత నూనెడబ్బా ఉన్నది. దానిలో ఎర్రటి బంతి! వెల్లుల్లి రెబ్బంత పిల్లగడ్డ మూడు వానలు తాగి, రెండు నిద్రలు పోయి, పువ్వు పూసింది. ఆ పిల్లవాడు అప్పటికి పదవ తరగతికి వచ్చాడు. నూనూగు మీసాలు వస్తున్నాయి. గుమ్మంలో నిలబడి, "సార్, ఈసారి కార్తీకంలో నీళ్ళు పోయించకండి," అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

మరునాడు ప్రార్థన సమయంలో ఆ డబ్బాను అందరి ముందూ పెట్టి జరిగినదంతా చెప్పాను. "అతను చెప్పినది నిజం. నేను వినలేదు. అతణ్ణి మీ అందరిముందూ సోమరి అన్నాను. అది నా తప్పు," అన్నాను. మర్యాద ఏమీ తగ్గలేదు. ఈ మాట మూడేళ్ళ క్రితమే అనవలసినది గదా అని మాత్రం సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రం అతనితో కూడా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అవ్వ గుమ్మంలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నది. నేను సంగతి చెబితే ఆమె నవ్వి, "పోనీలే అయ్యవారూ, తెలియక పోసినావు. నిద్రపోయే బిడ్డ నోట్లో పాలు పోస్తే ఊపిరాడదు గదా, అంతే ఇదీను," అన్నది. వేళ్ళకు గాలి అందకపోవడం గురించి నేను మీకు ఇంత పొడుగున చెప్పానే, అది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ఆ పిల్లవాడు బడి విడిచి వెళ్ళేటప్పుడు నాకొక పిల్లగడ్డ ఇచ్చాడు. ఇప్పుడు మా వరండాలో తొమ్మిది కుండీలయ్యాయి. కార్తీకం దాటగానే వాటికి ఒక పలక కట్టి, దానిమీద "నిద్రపోతున్నది, లేపవద్దు" అని రాస్తాను. ఇంటికి వచ్చినవాళ్ళు ఒట్టి మట్టిని చూసి నవ్వుతారు. తొలకరి పడ్డాక వచ్చి చూడమంటాను.

మీ ఇంట్లో కూడా ఎండిపోయిన కుండీ ఏదైనా ఉన్నదా? పారబొయ్యకండి. మట్టిని మెల్లగా తప్పించి గడ్డను వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే చచ్చిందన్నమాట. గట్టిగా ఉంటే మళ్ళీ మట్టి కప్పి, దాని మానాన దానిని వదిలెయ్యండి. వాన వచ్చినప్పుడు అదే లేస్తుంది.